చీమల బారు అంచు

ఫోను మోగితే చాలు, పుష్పలీలకు ముందు గుండె జారేది. ఎవరు చేశారో చూసేది ఆ తర్వాతే. పైన విమానం పోతుంటే, అది పుట్టపాక దాటేదాకా వాకిట్లో నిలబడి తలెత్తి చూసేది, తన ఇంటి మీద పడకుండా తానే కాచుకుంటున్నట్టు. ఏ మంచి కబురు విన్నా దాని వెనకాల ఇంకో కబురు చెప్పులు విడుస్తోందని ఆమె నమ్మకం. అట్లాంటి మనిషి, కన్నతల్లి లాంటి అత్తను హైదరాబాదు తీసుకుపోయి, తలలో ఉన్నదాన్ని దారంగా బయటికి తీసే యంత్రం ముందు కూర్చోబెట్టిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

నిజానికి ఒప్పుకున్నది ఆమె కాదు. అత్త అండాలమ్మే.

అండాలమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోటి మాట మూడూ ఒకే పొద్దున పోయాయి. ఎడమ చెయ్యీ, కళ్ళూ మిగిలాయి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో కొత్త అంచు కావాలంటే అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె కట్టిన ‘చీమల బారు’ అంచు ఇప్పటికీ ప్రతి మగ్గం మీదా ఉంటుంది. ఎర్రటి నేల మీద నల్లటి చుక్కలు వంకర టింకరగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కడికో పోతున్నట్టు ఉంటాయి. అట్లాంటి అంచు ఎట్లా తట్టిందని అడిగితే, మాట ఉన్న రోజుల్లో కూడా అండాలమ్మ చెప్పలేదు. నవ్వి ఊరుకునేది.

ఆ అంచు వెతుక్కుంటూనే డాక్టర్ కౌముది ఊళ్ళోకి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చాప మీద కూర్చోమంటే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మాట పడిపోయినవాళ్ళ మనసులో మెదిలేదాన్ని తెల్లటి నూలు మీద రంగు మచ్చలుగా దింపే యంత్రం ఆమె తయారుచేసింది. దింపడం వచ్చింది, చదవడం రాలేదు.

“నాలుగేళ్ళలో ఎనిమిది మందికి తీశాం” అంది కౌముది. “కంప్యూటరు ఈ కొస నుంచి ఆ కొసదాకా, పుస్తకం చదివినట్టు వరసగా చదువుతుంది. ఏమీ తేలదు. మీ నూలు చూశాక నాకు బుద్ధి వచ్చింది. మీరు కూడా ముందు దారం మీద మచ్చలే వేస్తారు కదా. చుట్టి, నేసినాకే కదా బొమ్మ.”

“మరి? కండె మీదున్నప్పుడు చూస్తే కుక్క కరిచిన దారమే” అన్నాడు పుష్పలీల మొగుడు భిక్షపతి. ఆయనకు ఎక్కడైనా నవ్వులాటే.

కౌముది నవ్వలేదు. అండాలమ్మ కుర్చీ పక్కకు జరిగి, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పింది. “అమ్మా, దాచకుండా చెప్తున్నాను. ఏ జ్ఞాపకం దారం మీదికి వస్తుందో అది లోపల పలచబడుతుంది. ఒక్కోసారి మొత్తమే పోతుంది. ఏది ఇవ్వాలో మీరే ఎంచుకోవాలి. సరేనంటే రెండుసార్లు కళ్ళు మూసి తెరవండి.”

అండాలమ్మ రెండుసార్లు కళ్ళు మూసి తెరిచింది. మూడు రోజులు వరసగా వచ్చి కౌముది అదే అడిగింది. మూడు రోజులూ అదే జవాబు. మూడో రోజు ముసలామె విసుక్కున్నట్టు ఎడమ చేత్తో గాలిని తోసేసింది. ఎన్నిసార్లు అడుగుతవు పో, అన్నట్టు.

ప్రయోగశాలలో ఆమె తల మీద పెట్టిన దాన్ని కిరీటం అన్నారు గాని, అది సన్నటి రాగి తీగలతో అల్లిన బోర్లించిన గంపలా ఉంది. అద్దం అవతలి గదిలో యంత్రంలోకి తెల్లటి నూలు పోయి, ఇటు తడితడిగా, పట్టుపురుగు నోట్లోంచి వచ్చినంత మెల్లగా బయటికి వచ్చింది. ఎరుపు, నలుపు, మధ్యమధ్య ఖాళీ. అండాలమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆ ముఖం మీద ఎండ, నీడ మారినట్టు ఏవో కదిలిపోతున్నాయి. ఆ గదిలో చప్పుడంటే యంత్రం చక్రాలదే, అదీ దూరంగా ఎవరో రాట్నం తిప్పుతున్నట్టు. పుష్పలీలకు ఒక క్షణం తామంతా ఆ ముసలామె కలలో కూర్చుని ఉన్నట్టు అనిపించింది.

మరుక్షణం భయం వేసింది. ఆ దారం మీదికి ఎక్కుతున్నది తన మాటేనేమోనని.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం కూతురు నవనీత బడి నుంచి చిన్నబోయిన ముఖంతో వచ్చింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. రెండో తరగతి వాచకం కూడా చదవలేకపోతోందని సారు అందరి ముందూ నిలబెట్టాడు. తాను ఏడో తరగతితో ఆగిపోయానని పుష్పలీలకు ఎప్పుడూ కొరతే. పిల్ల కూడా ఆగిపోతే? రేపు బస్సు మీద ఊరిపేరు చదవలేక తప్పిపోతే? మందు సీసా మీది పేరు చదవలేక పురుగుల మందు తాగితే? ఆమె బుర్ర అట్లా క్షణంలో శ్మశానందాకా పోయి వచ్చేది. ఆ భయంలోనే పాఠమంతా వందసార్లు రాయమని పిల్లను కూర్చోబెట్టింది.

“అక్షరాలు నిలబడ్తలేవమ్మా” అని పిల్ల ఏడ్చింది. “నేను చూడనప్పుడు మంచిగనే ఉంటయి. చూడంగనే లేసి పోతయి.”

అప్పుడు అండాలమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, పిల్ల చేతిలో బలపం తీసేసి, “ఇగ చాలు. దాన్ని ఇడిసిపెట్టు పుష్పా. నీకో మాట జెప్పాలె” అంది.

“వేలిముద్ర వేసేటోళ్ళకు సదువు బాధ ఏం తెలుస్తది అత్తమ్మా!” అంది పుష్పలీల.

అండాలమ్మ ఏదో చెప్పబోయి, నోరు మూసుకుని, మళ్ళీ గుంటలోకి దిగిపోయింది. ఆ పొద్దు మగ్గం చప్పుడు వినపడలేదు. తెల్లవారేసరికి ముసలామె చాప మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. చెప్పాలనుకున్న మాట లోపలే ఉండిపోయింది.

అందుకే, ఆసు పోసి చూడమని కౌముది పంపిన దారం కండె ఇంటికి వచ్చిన రోజు పుష్పలీల దాన్ని ముట్టుకోలేదు.

భిక్షపతి ఆసు దించాడు. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రం మాదిరి మేకుల వరస ఉండే చెక్క అది. నూలును ఒంటి మేకుకు, ఎదుటి మేకుకు మధ్య అటూ ఇటూ తిప్పుతూ పోస్తే మచ్చలన్నీ పక్కపక్కన చేరి బొమ్మ కడతాయి. ఒక చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి. భిక్షపతి మూడు రోజులు కూర్చుని పోశాడు. ఊళ్ళో అందరూ చేసినట్టే, తాతల నాటి నుంచీ చేస్తున్నట్టే, ముందుగా నూలును సగానికి మడిచి, రెండు పేటలూ కలిపి పోశాడు. చిటికి కట్టే పనిలో, అంటే నూలును ముడులు కట్టి రంగులో ముంచే పనిలో, ఏ బొమ్మకైనా ఎడమ సగం, కుడి సగం ఒకటే. సగం కడితే రెండో సగం దానంతటదే వస్తుంది. సైకిల్ ట్యూబు ముక్కలతో ముడులు కట్టే పని సగం తప్పుతుంది. ఇంకో తీరుగా పోయవచ్చని ఆయన చేతులకు తెలియదు.

మూడో రోజు చూస్తే ఆసు మీద ఎరుపూ నలుపూ కలగలిసి, కుంకుమలో మసి ఒలికినట్టు తయారైంది.

“గిదేందే, మా అమ్మ మనసు గింత మురికిగ ఉంటదా?” అన్నాడు భిక్షపతి నవ్వబోయి, నవ్వు రాక.

పుష్పలీల గుండె మీది నుంచి ఒక బరువు దిగింది. బొమ్మ రాదు. హమ్మయ్య.

గడపలో నిలబడి చూస్తున్న నవనీత అంది. “నాయినా, మడిచినవు చూడు. అందుకే.”

“మడవక?”

“మనుషుల మనసు రెండు దిక్కులా ఒకటే తీరు ఉంటదా? మడవొద్దు. ఇంకోటి, మేకులు వరసగ పోవొద్దు. అది గట్ల లేదు. ఇట్ల పోయి, ఇట్ల మునిగి, మల్ల ఈడికొస్తది.” పిల్ల చెయ్యి గాలిలో పాములా తిరిగి, పక్షిలా వాలింది. “నాకు కనబడ్తుంది.”

ఆ పిల్లకు అట్లా కనపడటం కొత్త కాదు. ఆరేళ్ళప్పుడే, ఇంకా రంగులో ముంచని నూలు చూసి చీర కొంగు ఎట్లా ఉంటుందో నేల మీద గీసేది. ఆరు గజాల అవతల కూర్చుని కట్టు ఎక్కడ తప్పిందో చెప్పేది. మగ్గాన్ని కింది నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో గీయమంటే, పై నుంచే చూసి గీసేది. ఊళ్ళో ముచ్చటపడేవాళ్ళు. కాని బడి పుస్తకంలో పట్టుమని పది మాటలు చదవలేకపోయేది కాబట్టి, ఆ ముచ్చట ఇంటి గడప దాటేది కాదు.

“నువ్వు పో. ఎక్కాలు రాసుకో పో” అని కసిరింది పుష్పలీల. దాని కళ్ళలో వెలుగు ఆమెకు కనపడింది. ఈ పిల్ల పోస్తుంది. పోస్తే బొమ్మ వస్తుంది. బొమ్మలో తాను ఉంటుంది, చెయ్యెత్తి, నోరు పారేసుకుంటూ. నానమ్మను పడగొట్టింది అమ్మే అని కన్నకూతురు తన చేతులతోనే చుట్టి చూస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం భిక్షపతి రంగుల కోసం చౌటుప్పల్ పోయాడు. పిల్ల బడికి పోయింది. పుష్పలీల ఆసు మీది దారం మళ్ళీ కండెకు చుట్టి, కొంగులో దాచుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ నూలు నానబెట్టే కుండ ఉంది. ఆముదపు కాయల బూడిద నీళ్ళు, నూనె కలిపిన క్షారం అది. ప్రయోగశాల రంగులు అందులో ఒక గడియ కూడా నిలవవు. మళ్ళీ తెల్లటి నూలే.

కండె కుండ మీదికి పట్టుకున్నాక చూసింది. ఎదురుగా వేపచెట్టు నీడలో, చక్రాల కుర్చీలో అండాలమ్మ. పొద్దున తానే అక్కడ కూర్చోబెట్టి మరిచిపోయింది.

ముసలామె అరవలేదు. అరిచే నోరే లేదు కదా. కాని చెయ్యి కూడా ఎత్తలేదు. కళ్ళలో కోపం లేదు, బెదురు లేదు. కుండ దగ్గర నూలుతో నిలబడిన కోడలిని ముప్పై ఏళ్ళుగా ఎట్లా చూస్తుందో అట్లాగే చూస్తోంది. చేతులు కాల్చుకుంటావేమో, చూసుకో, అన్నట్టు.

పుష్పలీల అక్కడే కూలబడింది. “నేను ఆ మాట అన్న అత్తమ్మా. అన్న గాని... మీరు పడిపోతరని అనుకోలే. రెండేండ్ల సంది నా నోరు కాలిపోతుంది. గిండ్ల అదే ఉంటే పిల్ల నా మొకం చూడదు. మీరు ఇచ్చింది నేను పోగొడితే అదింకో పాపం. నేనేం జెయ్యాలె?”

అండాలమ్మ ఎడమ చెయ్యి చాచింది. పుష్పలీల కండెను ఆ అరచేతిలో పెట్టింది. ముసలామె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పిల్ల బడి నుంచి వచ్చేదాకా వదలలేదు. నవనీత రాగానే, సంచి కూడా దించకముందే, దాని చేతిలో పెట్టింది.

వాన మొదలైంది. రేకుల మీద సన్నగా, ఎడతెగకుండా. ఇంట్లో వెలుతురు పలచటి కషాయంలా మారింది. నవనీత ఆసు ముందు కూర్చుంది. తర్వాత కళ్ళు సగం మూసి చెయ్యి ఆడించడం మొదలుపెట్టింది. మూడో మేకు, పదకొండు, మళ్ళీ మూడు, దాని పక్కన రెండు వదిలేసి ఒకటి. పుష్పలీలకు తల తిరిగింది. పిల్ల మాత్రం దారి తెలిసిన ఇంట్లో చీకట్లో నడుస్తున్నట్టు నడిచింది. వాన చప్పుడు, చెయ్యి ఊపు, ముసలామె ఊపిరి మూడూ ఒకే తాళంలో పడ్డాయి. సున్నితంగా ఒకదాని పక్కన ఒకటి మచ్చలు వచ్చి కూర్చున్నాయి, సాయంత్రం తీగ మీద పిట్టలు చేరినట్టు.

భిక్షపతి తడిసి వచ్చి, గోడకు చేరగిలబడ్డాడు.

ముందు కనపడింది చీమలు. అదే బారు, అదే వంకర, ఎర్రటి నేల మీద. “అమ్మ అంచే!” అన్నాడు భిక్షపతి. పిల్ల ఆగలేదు. బారు వెనక్కి, అవి బయలుదేరిన చోటికి పోయింది. అక్కడ ఒక నల్లటి పలక. పలకను పట్టుకున్న రెండు చిన్న చేతులు. పలక నిండా అక్షరాలు ఉండవలసిన చోట అవి లేవు. అక్షరాలకు కాళ్ళు వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, చెక్క చట్రం దాటి, కింద ఎర్రమట్టి నేల మీదికి బారు కట్టి దిగిపోతున్నాయి. పలక మీద అడ్డంగా ఒక సన్నటి నీడ పడి ఉంది. బెత్తం నీడ.

చేతులకు పచ్చబొట్టు. ఎడమ మణికట్టు మీద తేలు. ఇప్పటికీ అండాలమ్మ చేతి మీద ముడతల్లో ఉన్న తేలే అది.

నవనీత చెయ్యి ఆగింది. దారం అయిపోయింది. పిల్ల తన అరచెయ్యి చూసుకుని, దెబ్బ తగిలినట్టు రుద్దుకుంది.

“అమ్మా” అంది మెల్లగా. “నానమ్మకు గూడ గట్లనే. అక్షరాలు నాకు పోయినట్టే పోయినయి.”

పుష్పలీల బొమ్మంతా వెతికింది. మూల మూలనా వెతికింది. తాను ఎక్కడా లేదు. ఎత్తిన చెయ్యి లేదు, జారిన నోరు లేదు. ఆ ముసలామె తన లోపల ఉన్నవాటిలో ఒక్కటి ఎంచుకోమంటే, కోడలి తప్పును ఎంచుకోలేదు. ఆ పొద్దు చెప్పనివ్వని మాటను ఎంచుకుంది. రెండేళ్ళ కింద మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది ఇది చెప్పడానికే. నాకూ అంతే పుష్పా. నేను బతికిన. నా చీమలు చూడు, ఎంత దూరం పోయినయో.

ఆమె అత్త కాళ్ళ దగ్గర తల పెట్టి ఏడ్చింది. ఎడమ చెయ్యి వచ్చి తల మీద వాలింది, తేలు బొమ్మతో సహా.

ఆదివారం కౌముది వచ్చి, ఆసు ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత నవనీత పుస్తకం అడిగి, పిల్ల చేత నాలుగు మాటలు చదివించింది.

“దీన్ని డిస్లెక్సియా అంటారు” అంది పుష్పలీలతో. “తెలివి తక్కువ కాదు. బద్ధకం కాదు. చదువు నేర్పే దారి వేరే ఉంది, అది పట్టుకుంటే నెమ్మదిగా వస్తుంది. వరసగా నడవడం ఈ పిల్లకు కష్టం. కాని మొత్తాన్ని ఒక్కసారే చూస్తుంది. అది మా యంత్రానికి లేదు, నాకూ లేదు.”

“తగ్గిపోతదా?” అని అడగబోయి పుష్పలీల ఆగిపోయింది. ఏం తగ్గాలో, ఏం తగ్గకూడదో విడదీసి అడగడం ఆమెకు చేతకాలేదు.

“ఇంకా ఎనిమిది కండెలు ఉన్నాయి” అంది కౌముది మెల్లగా. “ఎనిమిది ఇళ్ళవాళ్ళు ఎదురు చూస్తున్నారు.”

పుష్పలీల బుర్రలో ఎనిమిది చావు కబుర్లు ఒకేసారి మోగాయి. ఎవరెవరివో దెబ్బలు తన పిల్ల అరచేతుల్లోకి వస్తాయి. మోయగలదా? జ్వరం వస్తే? కలలో కలవరిస్తే?  భయాలన్నీ అయిపోయాక అంది. “నెలకొకటి. మీ దగ్గర కాదు, గీ ఇంట్లనే. నేను పక్కన కూసుంటా. పిల్ల చాలంటే చాలు. ఇంకోటి డాక్టరమ్మా, ఆ దారి తెలిసినోళ్ళెవరో, దానికి సదువు చెప్పేటోళ్ళను చూపియ్యాలె. సారు తాన గూడ మీరే వచ్చి చెప్పాలె. నేను చెప్తే ఆయన నవ్వుతడు.”

“ఆయనతో నేను మాట్లాడతా” అంది కౌముది. “నవ్వమను చూద్దాం.”

ఆమె వెళ్ళిపోయాక పుష్పలీల పెట్టె తెరిచి పెళ్ళినాటి చీర తీసింది. అత్త స్వయంగా ఆసు పోసి, కట్టి, నేసిన మొదటి చీమల బారు చీర. తీసుకుపోయి అత్త ఒళ్ళో పరిచింది.

అండాలమ్మ అంచును పట్టుకుని చూసింది. తిప్పి చూసింది. ఎడమ వేలితో చీమల వెంట కొంత దూరం పోయి ఆగింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి. సగం నోటితో నవ్వి కోడలి వైపు చూసింది. ఆ చూపు పుష్పలీలకు అర్థమైంది. సంతలో ఎవరో కొత్త అంచు కట్టి తెస్తే చూసే చూపు అది. ఎంత బాగుందో, ఎవరు కట్టిన్రు?

ఆమె లోపలి నుంచి పలక పోయింది. బెత్తం పోయింది. వాటి వెంటే చీమలు కూడా పోయాయి.

 “మీరే అత్తమ్మా” అంది పుష్పలీల.

అండాలమ్మ నమ్మలేదు. ఊఁహూఁ అన్నట్టు తల ఊపి, నువ్వు నవ్వులాటలాడకు అన్నట్టు చెయ్యి విసిరింది. కాని చీరను వదలలేదు. మళ్ళీ మొదటి చీమ దగ్గరికి వేలు తీసుకుపోయింది.

నవనీత వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. నానమ్మ ఎడమ చెయ్యి అందుకుని, ఆ వేలికి ఒక ఎర్రటి నూలు పోగు తగిలించి, రెండో కొస తన వేలికి చుట్టుకుంది.

“రేపటి సంది చీమల బారు నేర్పిస్త నానమ్మా” అంది. “కష్టం కాదు. ముందు పలక కాడికెల్లి మొదలుపెట్టాలె.”

వాకిట్లో ఫోను మోగింది. పుష్పలీల వినలేదు. ఇద్దరి మధ్యా వణుకుతున్న ఆ ఎర్రటి పోగునే చూస్తూ నిలబడింది, తెగకుండా తానే కాచుకుంటున్నట్టు.